ఇంట్లో మానసిక జబ్బు గానీ, బుద్ధిమాంద్యం గానీ ఉన్న మనిషి ఉంటే: గోదావరి జిల్లాల కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

"సదరం స్లాట్ ఎప్పుడు తెరుస్తారండీ?"

నన్ను ఎక్కువమంది అడిగే మొదటి ప్రశ్న ఇదే. సదరం అంటే డాక్టర్లు పరీక్షించి వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే ప్రభుత్వ సర్టిఫికెట్, స్లాట్ అంటే ఆ పరీక్షకు ఇచ్చే తేదీ. నేను తిరిగి అడిగేది కూడా ఎప్పుడూ ఒకటే: "డాక్టరుకు చూపించారా? ఎన్నేళ్ల చీటీలు ఉన్నాయి?" చాలా ఇళ్లలో చీటీలు ఉండవు. కొన్ని ఇళ్లలో డాక్టరు దాకా వెళ్లడమే జరగదు.

మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా, అంటే లేని మాటలు వినపడటం, ఉత్తినే అనుమానాలు రావడం లాంటివి ఉండే మానసిక జబ్బు. పదకొండేళ్లుగా వాణ్ని చూసుకుంటున్నాం. ఆ అనుభవంతోనే మా చుట్టుపక్కల కోనసీమ ఊళ్ల నుంచి కొన్ని కుటుంబాలకు తోడుగా ఆసుపత్రులకూ క్యాంపులకూ వెళ్తుంటాను. అందరికీ విడివిడిగా ఫోన్లో చెప్పేదాన్ని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. వరుస ముఖ్యం. సర్టిఫికెట్ కోసం ముందు పరుగెత్తి, వైద్యం తర్వాత చూసుకుందాం అనుకున్న ఇళ్లలో రెండూ ఆలస్యమయ్యాయి.

1. ముందు తేల్చుకోవాల్సింది: ఏది జబ్బు, ఏది బుద్ధిమాంద్యం

మన ఊళ్లలో రెండింటినీ కలిపి "మతి సరిగా లేదు" అనేస్తాం. ఆసుపత్రిలో, ఆఫీసులో మాత్రం ఇవి వేర్వేరు దారులు.

బుద్ధిమాంద్యం చిన్నప్పటి నుంచే ఉంటుంది. నడక, మాట, నేర్చుకోవడం అన్నీ ఆలస్యంగా వస్తాయి. దీనికి శిక్షణ, థెరపీ ప్రధానం.

మానసిక జబ్బు సాధారణంగా అప్పటిదాకా బాగున్న మనిషికి వస్తుంది. కాలేజీకి వెళ్తున్న కుర్రాడు గదిలోంచి బయటికి రాకపోవడం, ఎవరో తిడుతున్నట్టు వినపడటం, రాత్రులు నిద్ర లేకపోవడం, అన్నంలో విషం కలిపారని అనుమానించడం. దీనికి మందులు ప్రధానం.

రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. ఫిట్స్ కూడా తోడవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. మానసిక రుగ్మత, బుద్ధిమాంద్యం, ఆటిజం (మనుషులతో కలవడం, మాట్లాడటం కష్టమయ్యేది), సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూచేతులూ పట్టు తప్పేది) అందులో వేర్వేరు పేర్లతో ఉన్నాయి.

ఈ తేడా ఇప్పుడే తెలుసుకోమనడానికి కారణం ఉంది. స్లాట్ బుక్ చేసేటప్పుడు తప్పు విభాగం టిక్ చేస్తే ఆ రోజంతా వృథా అవుతుంది. కొన్ని పథకాలు ఒకదానికి వర్తిస్తాయి, ఇంకోదానికి వర్తించవు.

2. ఒక నోట్‌బుక్ కొనండి

ఇది అన్నిటికంటే చవకైన పని. చాలామంది వదిలేసే పని కూడా ఇదే. రూళ్ల నోట్‌బుక్ ఒకటి చాలు. రోజుకు నాలుగు లైన్లు రాయండి.

- ఎన్ని గంటలు పడుకున్నారు
- తిండి, స్నానం, బట్టలు: సొంతంగానా, చెబితేనా, మనమే చేయాలా
- ఇంట్లోవాళ్లతో, బయటివాళ్లతో ఎలా ఉన్నారు
- చెప్పింది అర్థం చేసుకున్నారా, తన అవసరం చెప్పగలిగారా
- ఏమైనా పని చేశారా
- మందు వేసుకున్నారా, ఏమైనా ఇబ్బంది కనిపించిందా
- ఫిట్స్, కొట్టడం, ఇల్లు వదిలి వెళ్లడం లాంటివి జరిగితే తేదీ, సమయం

ఈ అంశాలు ఊరికే ఎంచినవి కావు. మానసిక రుగ్మత ఎంత శాతం ఉందో తేల్చడానికి డాక్టర్లు వాడే ఐడియాస్ అనే కొలమానంలో నాలుగు అంశాలు ఉన్నాయి: తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని చేయడం. ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులు. జబ్బు ఎన్నాళ్లుగా ఉందన్నదానికి 1 నుంచి 4 దాకా అదనం. మొత్తం 20. పెన్షన్‌కు కనీసం కావాల్సిన 40 శాతం ఏడు మార్కుల దగ్గర మొదలవుతుంది.

జబ్బు వయసుకు కూడా మార్కులున్నాయి కాబట్టే పాత చీటీలు అంత విలువైనవి. రెండేళ్లలోపు జబ్బుకు ఒక మార్కు, పదేళ్లు దాటితే నాలుగు. ఆ పదేళ్లను నోటితో చెబితే నమ్మడం కష్టం, కాగితం చూపిస్తే నమ్ముతారు.

ఇక్కడ జరిగే పొరపాటు: బాగాలేని రోజులే రాయడం. బాగున్న రోజులు కూడా రాయండి. మందు పనిచేస్తోందో లేదో డాక్టరుకు తెలిసేది వాటివల్లే.

3. మొదటిసారి డాక్టరు దగ్గరికి

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ముందు 14416కి ఫోన్ చేయండి. ఇది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు. 2022 అక్టోబరులో మొదలైంది. రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. లక్షణాలు చెబితే ఎంత తొందరగా చూపించాలో, ఎక్కడ చూపించాలో చెబుతారు. జబ్బు మనిషి మాట్లాడనంటే మీరే మాట్లాడొచ్చు.

తర్వాత ఊళ్లోని ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో చెప్పండి. పీహెచ్‌సీ డాక్టరు రిఫర్ చేస్తే పెద్దాసుపత్రిలో పని కాస్త తేలికవుతుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద సైకియాట్రిస్ట్ ఏ రోజు ఏ ఆసుపత్రిలో ఉంటారో కూడా అక్కడే అడగండి.

ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది. డెల్టాలో మనకు దగ్గరవి కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు. బాగా ముదిరి, ఎక్కువ రోజులు ఉంచాల్సి వస్తే విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

వెళ్లే రోజు పెట్టుకోవాల్సినవి:

- నోట్‌బుక్
- ఇప్పటిదాకా వాడిన మందుల అట్టలు (ఆర్‌ఎంపీ ఇచ్చినవి కూడా)
- ఆధార్, ఫోన్ నంబరు
- రెండు పూటలకు సరిపడా తిండి, నీళ్లు
- తోడు ఇద్దరు: ఒకరు లైన్లో నిలబడటానికి, ఒకరు పక్కన కూర్చోవడానికి

జబ్బు మనిషి రానంటే? "నీకు పిచ్చి, ఆసుపత్రికి పద" అంటే ఎవరూ రారు. తను ఒప్పుకునే బాధ ఏదో ఒకటి ఉంటుంది: నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, నీరసం. దాని కోసమే వెళ్దామనండి. అది అబద్ధం కాదు, డాక్టరు దాన్ని కూడా చూస్తారు. పెళ్లికనో గుడికనో మోసం చేసి తీసుకెళ్తే రెండోసారి మీ మాట నమ్మరు.

గాలి సోకిందనీ, చేతబడి అనీ తాయెత్తులు కట్టించే ఇళ్లున్నాయి. వాళ్లతో నేను వాదన పెట్టుకోను. తాయెత్తు ఉండనివ్వండి, మందు మాత్రం ఆపకండి అంటాను. కానీ కట్టేయడం, గొలుసు వేయడం, కొట్టడం దగ్గర రాజీ లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదు.

4. మందులు: మొదటి మూడు నెలలు

ఎక్కువ ఇళ్లు ఇక్కడే తడబడతాయి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మందు మొదలైన వారానికి నిద్ర వస్తుంది, ఒళ్లు బరువుగా ఉంటుంది. కానీ భ్రమలూ అనుమానాలూ తగ్గడానికి వారాలు పడుతుంది. దిగులు జబ్బు మందులకు కూడా రెండు నుంచి నాలుగు వారాలు కావాలి. "వారం వాడాం, నిద్రపోవడం తప్ప ఏమీ లేదు" అని ఆపేస్తే మళ్లీ మొదటికి వస్తాం.

రెండో ప్రమాదం బాగయ్యాక వస్తుంది. ఆరునెలలకు మనిషి తేరుకుంటాడు, కొబ్బరి తోటకో రొయ్యల చెరువుకో పనికి వెళ్తాడు. "ఇంకెందుకు మందులు, ఒంటికి వేడి చేస్తాయి" అని ఎవరో ఒకరంటారు. ఆపుతారు. మా తమ్ముడికి మూడో ఏట సరిగ్గా ఇదే జరిగింది. ఆపిన రెండు నెలలకు తిరగబెట్టింది, ఈసారి తేరుకోవడానికి ముందుకంటే ఎక్కువ కాలం పట్టింది. ఆపమన్నది నేనే. తగ్గించాలన్నా, ఆపాలన్నా డాక్టరు నోటి నుంచే రావాలి. ఫిట్స్ మందు విషయంలో ఇది ఇంకా గట్టి మాట. దాన్ని హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

ఏం కనిపిస్తే డాక్టరుకు చెప్పాలి:

- చేతులు వణకడం, మెడ పట్టేయడం, చొంగ కారడం, కాళ్లు ఒకచోట నిలవకపోవడం
- బరువు బాగా పెరగడం, ఆడవాళ్లకు నెలసరి తప్పడం
- ఒళ్లు బిగుసుకుపోయి తీవ్రమైన జ్వరం: దీనికి ఆలస్యం వద్దు, వెంటనే ఆసుపత్రికి

వీటిలో చాలావాటికి మోతాదు మార్చో, మందు మార్చో పరిష్కారం చూపిస్తారు. చెప్పకుండా మందు పారేస్తే డాక్టరుకు తెలిసేదెలా?

అతి హుషారు, దిగులు మారిమారి వచ్చే జబ్బుకు ఇచ్చే లిథియం అనే మందు వాడేవాళ్లకు ఇంకో జాగ్రత్త. మే నెల ఎండల్లో చెమట పట్టి, నీళ్లు తక్కువై, ఉప్పు మానేస్తే రక్తంలో మందు స్థాయి పెరుగుతుంది. వాంతులు, విరేచనాలు, వణుకు, తూలడం, మాట తడబడటం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లాలి. ఒళ్లు నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం కూడా వీళ్లకు ప్రమాదమే. "లిథియం వాడుతున్నాడండి" అని ముందే చెప్పండి. రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో డాక్టరును అడిగి నోట్‌బుక్‌లో తేదీ వేసుకోండి.

5. ఫైలు కట్టండి

ప్లాస్టిక్ కవర్లున్న ఫైలు తీసుకోండి. ఇంటి చూరు కారినా తడవకుండా ఉండాలి.

- ఓపీ చీటీలు, డిశ్చార్జి సమ్మరీలు పాతవాటి నుంచి కొత్తవాటికి తేదీ వరుసలో
- మనిషి ఆధార్, చూసుకునేవాళ్ల ఆధార్
- బియ్యం కార్డు
- పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా స్కూలు రికార్డు
- పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు ఎనిమిది
- బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్స్
- ఐక్యూ పరీక్ష, వినికిడి పరీక్ష, స్కానింగ్ రిపోర్టులు ఉంటే అవి

ప్రతి కాగితానికీ రెండు జిరాక్సులు ఉంచుకోండి. ఫోన్లో ఫోటోలు తీసి ఇంకొకరికి కూడా పంపి ఉంచండి.

ఇప్పుడే చూసుకోవాల్సింది పేరు, పుట్టిన తేదీ. ఆధార్‌లో ఒకటి, స్కూల్లో ఒకటి, బియ్యం కార్డులో ఇంకొకటి ఉంటే ముందు ఆధార్ సరిచేయించండి. పిల్లలకు ఐదేళ్లకూ, పదిహేనేళ్లకూ ఆధార్‌లో వేలిముద్రలు, కళ్లు మళ్లీ ఇవ్వాలి. చేతులు వంకర పోయి వేలిముద్ర పడని పిల్లలకు మినహాయింపుతో నమోదు చేసే పద్ధతి ఉంది. ఆధార్ కేంద్రంలో ఆ మాట చెప్పి అడగండి.

6. సదరం: స్లాట్ నుంచి సర్టిఫికెట్ దాకా

*స్లాట్.* గ్రామ, వార్డు సచివాలయంలోనో మీసేవలోనో బుక్ చేస్తారు. ఎప్పుడూ తెరిచి ఉండదు, విడతలుగా తెరుస్తారు. తెరిచిన మొదటి రోజే నిండిపోతుంటాయి. సచివాలయం సిబ్బంది నంబరు దగ్గర పెట్టుకుని, ఫైలు సిద్ధంగా ఉంచుకుని ఎదురుచూడటమే ఉపాయం. ఆసుపత్రి పేరు, తేదీ ఫోన్‌కు మెసేజ్ వస్తాయి. కాబట్టి ఇంట్లో ఎవరి దగ్గర ఉంటుందో ఆ ఫోన్ నంబరే ఇవ్వండి. గల్ఫ్‌లో ఉన్న నాన్న నంబరు ఇచ్చి మెసేజ్ చూడక తేదీ పోగొట్టుకున్న ఇంటిని చూశాను.

*ముందు రోజు.* స్లాట్ కాగితం, ఫైలు, నోట్‌బుక్ సంచిలో పెట్టండి. మందులు మామూలుగానే వేయండి. "మందు వేయకపోతే జబ్బు బాగా కనపడుతుంది" అని కొందరు సలహా ఇస్తారు. అది మనిషికి చేసే హాని, అలా చేయొద్దు.

*ఆ రోజు.* ఉదయమే చేరండి. జనం, గోల, ఎండ. ఆటిజం ఉన్న పిల్లలకూ, అనుమానం జబ్బు ఉన్నవాళ్లకూ ఇది నరకం. ఒకరు లైన్లో ఉండి, ఇంకొకరు మనిషిని చెట్టు నీడకు తీసుకెళ్లండి. పిల్లలకు ఇష్టమైన బొమ్మో తినుబండారమో దగ్గర ఉంచండి.

*డాక్టరు ముందు.* నేను చేసిన తప్పు చెబుతాను. మొదటిసారి వెళ్లినప్పుడు తమ్ముడికి తల దువ్వి, గడ్డం గీయించి, కొత్త చొక్కా వేసి తీసుకెళ్లాను. డాక్టరు ఏది అడిగినా వాడు నోరు తెరిచేలోపే నేనే జవాబు చెప్పాను. పైగా చివరి నెల చీటీ ఒక్కటే పట్టుకెళ్లాను. వాళ్లు చూసింది శుభ్రంగా, నెమ్మదిగా కూర్చున్న మనిషిని. సర్టిఫికెట్ రాలేదు. తప్పు నాదే. రెండోసారి నోట్‌బుక్, తొమ్మిదేళ్ల చీటీలు బల్ల మీద పెట్టి నోరు మూసుకున్నాను. "స్నానం తనే చేస్తాడా?" అంటే, "చేయమని మూడుసార్లు చెప్పాలండి, సబ్బు నేనే అందించాలి" అని అడిగినప్పుడే చెప్పాను.

పరువు కోసం దాచొద్దు, పెన్షన్ కోసం పెంచొద్దు. ఉన్నది ఉన్నట్టు, ఉదాహరణతో చెప్పండి. "ఏ పనీ చేయడండి" అన్నదానికంటే "దుకాణానికి పంపితే చిల్లర లెక్క చూసుకోలేడు" అన్నది డాక్టరుకు పనికొస్తుంది.

*తర్వాత.* బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు ఒక్కసారితో అయిపోదు. ఐదేళ్లకు, పదేళ్లకు, పద్దెనిమిదికి మళ్లీ పరీక్ష ఉంటుంది. పద్దెనిమిదేళ్లకు ఇచ్చింది జీవితకాలం చెల్లుతుంది. తాత్కాలిక సర్టిఫికెట్ అయితే గడువు తేదీని ఫైలు అట్ట మీదే పెద్దగా రాసుకోండి.

వచ్చే చిక్కులు, చేయాల్సినవి

- *40 కంటే తక్కువ శాతం వేశారు:* గొడవ పడొద్దు. కారణం అడిగి రాసుకోండి, మిగతా కాగితాలు జతచేసి అప్పీలు చేయండి.
- *స్లాట్ తప్పు విభాగంలో పడింది:* క్యాంపు రోజు దాకా ఆగకుండా సచివాలయంలో ముందే మార్పించండి.
- *మనిషి మంచం మీదే ఉన్నారు:* డాక్టరు చీటీతో సచివాలయంలోనూ, ఆసుపత్రి సూపరింటెండెంట్ దగ్గరా రాతపూర్వకంగా చెప్పండి. అర్జీ ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.
- *నెలలు గడిచినా కదలిక లేదు:* సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. కోనసీమకు అమలాపురం, పశ్చిమ గోదావరికి భీమవరం, తూర్పు గోదావరికి రాజమహేంద్రవరం.
- *ఎవరైనా డబ్బు అడిగారు:* ఇవ్వకండి. దళారి తెచ్చిన సర్టిఫికెట్ తనిఖీలో రద్దయితే నిజంగా అర్హుడైన మీ మనిషే నష్టపోతాడు.

7. సర్టిఫికెట్ చేతికొచ్చాక ఏది ముందు

*పెన్షన్.* సచివాలయంలో దరఖాస్తు. 40 శాతం, ఆపైన ఉన్నవారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000 రూపాయలు. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారి కోసం 15,000 రూపాయల విభాగం వేరే ఉంది.

*యూడీఐడీ కార్డు.* దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు. 40 శాతంలోపు తెలుపు, 40 నుంచి 80లోపు పసుపు, 80, ఆపైన నీలం రంగు. స్వావలంబన్ కార్డు పోర్టల్‌లో వివరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. కేంద్ర పథకాలన్నిటికీ ఇదే తాళంచెవి.

*నిరామయ ఆరోగ్య బీమా.* ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల దాకా. నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ నడుపుతుంది. చేరడానికి పేద కుటుంబాలకు 250, మిగతావారికి 500 రూపాయలు. థెరపీ, ఓపీ ఖర్చులకు కూడా పరిమితులతో వస్తుంది. ముందు మీరే కట్టి, బిల్లు పెట్టి తర్వాత డబ్బు తీసుకునే పద్ధతి కాబట్టి ప్రతి రసీదూ దాచండి. మానసిక జబ్బు ఒక్కటే ఉన్నవారికి ఇది వర్తించదు. ఈ ఒక్క విషయం తెలియక చాలామంది తిరుగుతున్నారు.

*మిగిలినవి చకచకా:* ఆర్టీసీ రాయితీ పాసు. బుద్ధిమాంద్యం ఉన్నవారికి, తోడు వెళ్లేవారికి రైలు రాయితీ, దీనికి రైల్వే కార్డు వేరుగా తీసుకోవాలి. ఆదాయపు పన్ను కట్టే కుటుంబమైతే పాత పన్ను విధానంలో 75,000, తీవ్ర వైకల్యానికి 1,25,000 రూపాయల మినహాయింపు. ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్లలో సంపాదించుకోలేని బిడ్డకు ఫ్యామిలీ పెన్షన్ హక్కు ఉంటుంది. ఉద్యోగంలో ఉండగానే ఆ బిడ్డ పేరు రికార్డుల్లో ఎక్కించండి.

8. పిల్లలైతే ఆగకండి

"వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి" అని మామ్మలు ధైర్యం చెబుతారు. ప్రేమతోనే అంటారు. కానీ ఇవి కనిపిస్తే ఆ ధైర్యం మీద ఆధారపడొద్దు:

- ఐదో నెలకు మెడ నిలవకపోవడం
- తొమ్మిదో నెలకు కూర్చోలేకపోవడం
- ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం
- ఏడాదిన్నరకు ఒక్క మాటా లేకపోవడం
- వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోవడం

అంగన్‌వాడీలో, స్కూళ్లలో పిల్లల్ని పరీక్షించే ఆర్‌బీఎస్‌కే కార్యక్రమం పద్దెనిమిదేళ్ల దాకా వర్తిస్తుంది. అక్కడి నుంచి డీఈఐసీ అనే సత్వర చికిత్స కేంద్రానికి పంపమని అడగండి. సర్టిఫికెట్ రాకముందే థెరపీ మొదలుపెట్టొచ్చు.

బడి వయసు వస్తే మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో కనుక్కోండి. అక్కడ ప్రత్యేక శిక్షణ ఉన్న టీచర్లు ఉంటారు. కదల్లేని పిల్లలకు ఇంటికొచ్చి నేర్పే ఏర్పాటు కూడా ఉంది. మామూలు బడిలో పేరు మాత్రం తీయించకండి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య చట్టం ఇచ్చిన హక్కు. పదో తరగతి పరీక్షలో స్క్రైబ్ (బిడ్డ చెబితే రాసిపెట్టే మనిషి), అదనపు సమయం కావాలంటే హెడ్‌మాస్టరుకు ఏడాది మొదట్లోనే అర్జీ ఇవ్వాలి.

టీచరు వారానికి చూపించేది గంటో రెండు గంటలో. మిగతా సమయమంతా బిడ్డ మీ దగ్గరే ఉంటుంది. ఈ వారం ఏం నేర్పుతున్నారో చూసి, గ్లాసు పట్టుకోవడమో, బొత్తాం పెట్టుకోవడమో, అదే ఇంట్లో రోజూ చేయించండి. ఒకసారికి ఒకటే.

9. ప్రమాదం ముంచుకొస్తే

"నేను బతికి ఏం లాభం" అన్న మాటను బెదిరింపుగా కొట్టిపారేయకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన కొత్తగా పుట్టదు.

- ఒంటరిగా వదలొద్దు. రాత్రి కూడా పక్కన ఒకరుండాలి.
- పురుగుమందు డబ్బాలు ఆ రోజే ఇంట్లోంచి తీసేసి బంధువుల ఇంట్లో తాళం వేయించండి. వరి, రొయ్యలు చేసే మన ఇళ్లలో ఇదే పెద్ద జాగ్రత్త.
- మందులు కూడా మీ దగ్గరే ఉంచి పూటకు పూట ఇవ్వండి.
- 14416కి ఫోన్ చేయండి. ప్రాణాపాయం అయితే 108.

ఏదైనా తాగితే వాంతి చేయించడానికి ప్రయత్నిస్తూ సమయం పోగొట్టకండి. డబ్బా సహా తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. పోలీసు కేసవుతుందని భయపడి డాక్టరుకు అబద్ధం చెప్పకండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలనీ, శిక్షించకూడదనీ 2017 చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది.

కొట్టే స్థితి వస్తే వాదించకండి. చుట్టూ జనాన్ని తగ్గించండి, కత్తి, కొడవలి తీసేయండి, తలుపు దారి వదిలి నిలబడండి. 112కి ఫోన్ చేసి, "మానసిక జబ్బు ఉన్న మనిషండి, ఆసుపత్రికి చేర్చడానికి సాయం కావాలి" అనే మాట మొదటే చెప్పండి. తనంతట తను చేరలేని స్థితిలో ఉంటే నామినేటెడ్ ప్రతినిధి (వైద్యం విషయంలో తన తరఫున మాట్లాడటానికి జబ్బు మనిషి ఎంచుకున్నవారు) అర్జీ మీద, డాక్టర్ల పరీక్ష తర్వాత 30 రోజుల దాకా ఉంచి వైద్యం చేసే వీలు చట్టంలో ఉంది. ఆ ప్రతినిధి ఎవరో మనిషి బాగున్న రోజుల్లోనే తన చేతే రాయించి సంతకం పెట్టించి ఫైల్లో పెట్టండి.

ఇల్లు వదిలి వెళ్లే అలవాటుంటే మెడలో ఫోన్ నంబరు బిళ్ల, మీ ఫోన్లో ఈ నెల ఫోటో ఉండాలి. తప్పిపోతే వెంటనే స్టేషన్‌కు వెళ్లండి. ఒక రోజు ఆగాలన్న నియమం ఏదీ లేదు.

10. వరదకు, తుపానుకు ముందే

లంక గ్రామాలవాళ్లకు ఇది తప్పనిసరి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. రెండో హెచ్చరిక దాకా చూస్తే పడవ కోసం వెతుక్కోవాలి. మొదటి హెచ్చరిక వినగానే ఇవి చూసుకోండి:

- నెల రోజుల మందులు, రెండు పాలిథిన్ కవర్లలో
- ఫైలు, నోట్‌బుక్
- మందుల పేర్లు, మోతాదు రాసిన కాగితం ఒకటి మనిషి జేబులోనే
- ఇష్టమైన దుప్పటి, బొమ్మ
- పునరావాస కేంద్రంలో మూలగా, సందడి లేని చోటు ఇవ్వమని వీఆర్వోకు ముందే ఒక మాట

జూలై నుంచి నవంబరు దాకా మందులు అయిపోయే వారం ముందే తెచ్చుకునే అలవాటు చేసుకోండి.

11. చూసుకునే మనిషిని ఎవరు చూసుకుంటారు

ఎక్కువగా అమ్మే. తర్వాత ఆడపడుచో, అక్కో, వదినో. వాళ్లు పడిపోతే ఇప్పటిదాకా రాసిన పనులేవీ నడవవు. ఇంట్లో రెండో మనిషికి మందులు వేయడం, ఫైలు ఎక్కడుందో, డాక్టరు తేదీ ఎప్పుడో ఈ నెలలోనే నేర్పించండి. వారానికి ఒక పూట అమ్మకు సెలవు. గుడికి వెళ్తుందో, పుట్టింటికి వెళ్తుందో, పడుకుంటుందో ఆమె ఇష్టం.

నిద్ర పట్టక, ఊరికే ఏడుపొస్తుంటే 14416 మీకూ పనికొస్తుంది.

మండలంలో ఇలాంటి ఇళ్లు ఇంకా ఉంటాయి. ఆశాను అడిగితే తెలుస్తాయి. నలుగురు కలిస్తే ఒకే ఆటోలో ఆసుపత్రికి వెళ్లొచ్చు, ఒకరి పిల్లల్ని ఒకరు గంటసేపు చూడొచ్చు. మేం అలాగే మొదలుపెట్టాం.

12. పద్దెనిమిది నిండితే, మీ తర్వాత అయితే

పద్దెనిమిది దాటిన బిడ్డకు చట్టం దృష్టిలో అమ్మానాన్నలు తమంతట తాము గార్డియన్లు కారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉంటే 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి అర్జీ పెట్టి గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అర్జీ కలెక్టరేట్‌లోని వికలాంగుల సంక్షేమ శాఖలో ఇస్తారు. దానితో బ్యాంకులో ఆ బిడ్డ ఖాతా నడపొచ్చు. నాన్న కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటే సెలవుకొచ్చే నెల చూసుకుని కాగితాలన్నీ ముందే సిద్ధం చేయండి.

మానసిక జబ్బు ఉన్నవారికి ఈ కమిటీ దారి లేదు. ఆస్తి, సంతకాల విషయం వస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. వైకల్యం ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం హక్కు. ఫోన్ 15100.

ఆస్తి రాసేటప్పుడు నేరుగా బిడ్డ పేరున పెట్టాలా, ట్రస్టుగా రాయాలా అన్నది లాయరుతో మాట్లాడి తేల్చుకోండి. "అన్నయ్య చూసుకుంటాడులే" అన్న నోటిమాట మీద కొబ్బరి తోట వదిలేయకండి.

చివరగా ఒక ఉత్తరం రాయండి. తను ఏం తింటాడు, ఏ శబ్దానికి భయపడతాడు, కోపమొస్తే ఏం చేస్తే చల్లబడతాడు, మందు ఎలా ఇస్తే మింగుతాడు, ఏ పాట పాడితే పడుకుంటాడు. రెండు పేజీలు చాలు. జిరాక్సు తీసి, తర్వాత చూసుకోబోయే పిన్నికో అన్నకో ఇవ్వండి. ఈ సంక్రాంతి సెలవుల్లో మూడు రోజులు మనిషిని వాళ్లింట్లో ఉంచి మీరు ఇంటికి వచ్చేయండి. వాళ్లు ఫోన్ చేసి అడిగిన ప్రతి ప్రశ్ననూ ఆ ఉత్తరంలో చేర్చండి.